సచ్చిపోనోల్లు ఏసిన ఓట్లు

నా ఫోన్లోంచి తొమ్మిదిమంది సచ్చిపోనోల్లు ఓటేసినారని మా ఊర్లో ఇప్పటికీ సెప్పుకుని నవ్వుతారు. నిజమే. అందులో ఒకడు నా మొగుడు. బతికున్నప్పుడు ఏ సభలోనూ నోరిప్పి ఒక మాట ఆడనోడు, సముద్రంలో పోయిన ఇన్నేల్లకి వచ్చి ఓటేసినాడు.

మాది ఛత్రపూర్ అవతల సముద్రం ఒడ్డు పల్లె. మగోల్లు వలకెల్తారు. ఆడోల్లం సేపలు ఎండబెట్టి బరంపురం బజారుకి అంపుతాం. ఒడియావోల్లు మమ్మల్ని నోలియాలంటారు. మేం తెలుగోల్లం. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బజార్లో రెండూ కలిపి. నాకు తెలుగులో నా పేరు రాయడం వచ్చు, అంకెలొచ్చు. అంతకుమించి రాదు. అందుకే ఇది నాను సెప్తంటే ఇంకోలు రాస్తన్నారు. నాను సెప్పినట్టే రాయమన్నాను, నా తప్పు కాడ మెత్తగా రాయొద్దన్నాను.

ఊరికీ సముద్రానికీ మజ్జన, మొగలి పొదలు దాటినాక, తారురోడ్డు పక్కని సదునుగా ఒక ఇసక జాగా ఉండీది. గాలి తగులుద్ది, ఎండ తగులుద్ది, వాన నీరు నిలవదు. నెత్తల్లు, అదే ఏలెడు సన్న సేపలు, పొద్దుట పరిస్తే మర్నాటికి గలగలమనీవి. ఆ జాగాలో ఊర్లోని ప్రతి ఆడదానికీ ఒక సోటుండీది. కాయితం మీద రాసినది కాదు. మొగుడు ఏ పడవెక్కితే ఆ పడవోల్ల వరసలో పెల్లాం సోటు. మొగుడు పోతే ఆ వరసలోంచి లేపేసి రోడ్డు వారకి, లారీలు దుమ్ము కొట్టే కాడికి పంపేసీవోరు. దాన్ని ముండల వరస అనీవోరు. మేమూ అలగే అనుకునీవోల్లం. అందులో తప్పుందని నాకు అప్పుడు తోచలేదు.

తొమ్మిదిమందిమి ఆ వరసలో. మొదటి సోటు మా తోడికోడల్ది, నా మొగుడి అన్న పెల్లాం. దాన్ని నాను అప్పా అని పిలిసీదాన్ని. దాని పక్క సోటు నాది. ఇద్దరికీ ఒకటే తాటాకు పందిరి, ఒకటే ఉప్పునీల్ల గోలెం. ఒక ఎండాకాలం సోటు కాలీగా ఉంచితే పక్కోలు పరిసేసుకుంటారు. అందుకని జొరమొచ్చినా ఎల్లి తట్టెడు సేపలైనా పరిసొచ్చీదాన్ని. నాకు పడవ నేదు, పొలం నేదు, కొడుకుల్లేరు. ఒక్క కూతురు, దాని కాపరం దానిది. ఉన్నది ఆ నాలుగు సాపల ఇసక. అది పోతే నాను బరంపురంలో ఎవులింట్లోనో అంట్లు తోమాల.

ఆ ఏడు పంచాయితీలో మా పల్లెకి ఒక పని మంజూరైనాది. ఏ పని కావాలో ఊరోల్లే తేల్సుకోవాల. ఇలాంటివి ముందూ జరిగేవి. పల్లిసభ అని ఊరందర్నీ బడి కాడ కూకోబెట్టి సేతులెత్తమనీవోరు. ఊరందరూ అంటే మగోల్లే. ఇంటికొక సెయ్యి. మొగుడున్న ఆడోల్లు ఎనక కూకునీవోరు, మేం ఇంకా ఎనక, గోడ వార. మా ఇల్లకి ఎత్తడానికి సెయ్యి నేదు. నానోసారి ఎత్తినాను. మా ఊరిపెద్ద, నాకు వరసకి బావే, నా దిక్కు సూసి, "ఏటే, సంకకి గాలి తగిలిస్తన్నావా?" అన్నాడు. అందరూ నవ్వినారు. దించేసినాను. నవ్వినోల్లలో మా అప్ప కూడా ఉంది.

ఈసారి ఊరిపెద్దకి కల్యానమండపం మీద మనసు పడింది. మనోల్లు పెల్లి సెయ్యాలంటే బరంపురం పరిగెట్టాల, మనూర్లోనే మండపం ఉంటే సుట్టుపక్కల పల్లెలోల్లు కూడా మనకాడికే వస్తారన్నాడు. ఎక్కడ కడతారంటే ఇసక జాగాలో. రోడ్డుకి ఆనుకుని సదునుగా ఉన్నది అదొక్కటే మరి. కర్ర పట్టుకుని అడుగులు కొలిసి సూపించినాడు. మండపం గుమ్మం సరిగ్గా మా వరస మీద పడినాది. "ముండల వరస మీద పెల్లోరు కాలెడతారేటి బావా?" అని ఎవులో అడిగితే, "గంగనీల్లు సల్లితే పోద్దిలే" అన్నాడు.

అప్పుడొచ్చినాది బ్లాకాఫీసు మేడమ్. ఒడియా పిల్ల. మెడలో కార్డు, సేతిలో పలకంత ఫోను. ఇకమీద సేతులెత్తడాలు నేవన్నాది. ఫోన్లో యాప్ ఉంటాదంట. తెరిస్తే రెండు బొమ్మలొస్తాయి. ఒకటి కల్యానమండపం. ఇంకోటి సేపలెండబెట్టే అరుగు, సిమెంటు గచ్చు, ఒక పక్కని రేకుల నీడ, నీల్ల కొలాయి. ఏది కావాలో దాని మీద ఏలు పెట్టడమే. మగైనా ఆడైనా, ఒక నెంబరుకి ఒక ఓటు. "మావుసీ, ఇందులో ముందు కూకున్నోల్లూ ఎనక కూకున్నోల్లూ ఉండరు" అని నాతోనే అన్నాది. మావుసీ అంటే ఒడియాలో పిన్ని.

"అరుగు కడితే ఎవులి సోటు ఎవులికిస్తారు?" అని అడిగినాను.

"పేర్లు రాసి సీటీలు తీస్తాం" అన్నాది.

సీటీకి మొగుడున్నాడో నేడో తెలీదు కదా. ఆ మాటకి నాను పడిపోనాను. ఆఫీసోల్ల మాట నాను అంతకుముందెప్పుడూ నమ్మలేదు. ఆ ఒక్కసారి నమ్మినాను.

మా తొమ్మిదిమందిలో టచ్ ఫోనున్నది నాకొక్కదానికే. బరంపురంలో నా సరుకు కొనే షావుకారు ముందు ఎండుసేప ఫోటో పంపమంటాడు, అది నచ్చితేనే ఆటో ఎక్కించమంటాడు. అందుకని కొనుక్కున్నాను. మిగతావోల్లవి బటన్ల ఫోన్లు. ఒకే టచ్ ఫోన్లో ఎంతమందినైనా ఎక్కించొచ్చని మేడమ్ సెప్పినాది. ముందు పేరు, తరవాత నెంబరు, తరవాత మొకం ఫోటో. ఆల్లాల్ల ఫోనుకి ఓటీపీ వస్తాది, ఆ అంకెలు కొట్టాల. పేరు రాయడం రాకపోతే మైకు బొమ్మ నొక్కి నోటితో సెప్తే అదే ఒడియాలో రాసుకుంటాది. ఇంతా సెప్పి, నాసేత ఒకసారి నొక్కించి, ఛత్రపూర్ ఎల్లిపోనాది.

మర్నాడు మద్దేనం సేపలు పరిసీసి తొమ్మిదిమందిమీ పందిరి కింద కూకున్నాం.

"పేరంటే ఎవుల పేరే?" అని ఒకర్తి అడిగినాది.

"నీ పేరే, ఇంకెవుల్ది."

"నా పేరు పంచాయితీ బుక్కులో ఎక్కడుందీ?"

నిజమే. రేషన్ కార్డు కాన్నుంచి కరెంటు బిల్లు దాకా మా ఇల్లన్నీ పోనోల్ల పేరు మీదే ఉన్నాయి. మార్సుకోవాలంటే ఛత్రపూర్ ఆఫీసుల సుట్టూ తిరగాల. తిరిగినోల్లెవులూ నేరు. షావుకారు కూడా నా తట్టల మీద నా మొగుడి పేరే రాస్తాడు. ఊర్లో ఎవులైనా మా ఇంటికి దారడిగితే ఆ పేరు సెప్పే సూపిస్తారు. నా పేరు సెప్తే నా కూతురు కూడా ఒక నిమసం ఆలోసిస్తాది.

నానే అన్నాను. "ఇంటి పేరు మీదే కొట్టాల. ఇన్నాల్లూ ఇంటికొక సెయ్యనే కదా లెక్క. మన పేర్లు కొడితే ఇదెవులే అని తీసేస్తారు." ఈ మాట అన్నది నాను. ఇంకెవులూ కాదు. ఇది బాగా రాయమన్నాను.

పేర్లు ఎవులు సెప్పాల? మాలో పెల్లాం నోటితో మొగుడి పేరు అనదు. బతికున్నోడి పేరే అనం, పోనోడిది అసలే అనం. ఒకలికోసం ఇంకోలు సెప్పాల. మా అప్ప అందరికన్నా పెద్దది, గొంతు గట్టిది. నా మొగుడు దానికి మరిది. మిగతావోల్ల మొగుల్లు దాని కంటి ముందు గోసీలు పెట్టుకుని తిరిగినోల్లు. "అప్పా, నువ్వే సెప్పీ" అని ఫోను దాని నోటికాడ పెట్టినాను. ఎనిమిది పేర్లు అదే సెప్పినాది. దాని మొగుడి పేరు మాత్తరం కొసని కూకున్న ఇంకోర్తి సెప్పినాది.

పేరొకటి పడ్డప్పుడల్లా యాసికమే, నవ్వులే.

"ఒలే, గట్టిగా అనే, ఆడికి సెవుడు కదా."

"ఆడికి రెండుసార్లు సెప్పకపోతే లేవడే."

"ఆడి పేరు పక్కూరి దానికి బాగా నోరు తిరుగుద్ది, దాన్ని పిలండే."

ఒకర్తి మొగుడి పేరు ఇని ఏడ్సినాది. "ఏడవకే, ఫోటో పాడైపోద్ది" అన్నాను. కొంగుతో మొకం తుడుసుకుని నిటారుగా కూకున్నాది. ఫోటోలు నానే తీసినాను. మొకాలు మావి, కింద పేర్లు ఆల్లవి. మాకెవులికీ అది ఇడ్డూరంగా అనిపించలేదు.

తరవాత ఒకర్తి ఎనక ఒకర్తి అరుగు బొమ్మ మీద ఏలు పెట్టినారు. ఉప్పునీల్లలో నానిన ఏల్లు, ఫోను అద్దానికి తెలీడం నేదు. సీరకి తుడుసుకుని మల్లీ పెట్టినారు. మా అప్ప మూడుసార్లు పెట్టాల్సొచ్చినాది.

ఎంతమంది ఏసినారో ఆ యాప్ లో ఎప్పటికప్పుడు తెలుస్తాది. రెండు గీతలు, పక్కని అంకెలు. మావి పడ్డాక అరుగు గీత మండపం గీతని దాటినాది. మొగుల్లున్న ఆడోల్లు కూడా కొంతమంది దొంగసాటుగా అరుగుకే ఏసినట్టున్నారు. మగోల్లు శానామంది పారాదీపు బోట్ల మీదున్నారు, ఆల్లకిది పట్టలేదు. రోజూ పొద్దుట ఫోను తీసి ఆ గీత సూసుకునీదాన్ని. మా అప్ప "ఏదీ, సూపెట్టే" అని మెడ సాపీది. గీత పొడుగు సూసి తన సోటు ఎక్కడొస్తే బాగుంటాదో సెప్పీది. కొలాయి పక్కన రావాలంట. నాకు నీడ పక్కన రావాలన్నాను. ఇంకా కట్టని అరుగు మీద మేం సోట్లు పంచుకున్నాం, దెబ్బలాడుకున్నాం కూడా.

ఆ రోజుల్లోనే ఊరిపెద్ద కొలాయి కాడ ఎదురైనాడు. "ఏటి మరదలా, ఫోన్లో పెత్తనం సేస్తన్నావంట?"

"నీ మండపంలో అచ్చింతలెయ్యడానికి ముండలు పనికిరారు కదా బావా. అందుకే మా సేపలేవో మేం సూసుకుంటన్నాం" అన్నాను.

అంతమాట నాను పుట్టి ఎవులినీ అనలేదు. ఎనక బిందెలు పట్టుకున్న ఆడోల్లు నవ్వినారు. ఆడు నవ్వలేదు. నా బిందె నిండేదాకా అక్కడే నిలబడి సూసి ఎల్లిపోనాడు.

గడువు అయిపోనాక మేడమ్ వచ్చినాది. యాప్ లో ఏసినా ఊరందరి ముందూ ఒకసారి పేర్లు సదివి ఇనిపించాలంట, ఎవులికీ అనుమానం ఉండకూడదని. బడి కాడ మైకు పెట్టినారు. అరుగుకేసినోల్ల పేర్లు ముందు మొదలెట్టినాది. నలుగురైదుగురివి సదివినాక మొదటి పోనోడి పేరొచ్చినాది. ఒడియా పిల్ల, మా ఊర్లో ఎవులున్నారో ఎవులు పోనారో దానికేటి తెల్సు. సదివేసినాది.

ఎనకనుంచి ఒకడు బడిపిల్లోడి గొంతుతో, "వచ్చినాను మేడమ్!" అన్నాడు.

రెండో పేరు. "ఉన్నాను మేడమ్! నీల్లకింద ఉన్నాను!"

మూడోది. "ఓరే, అక్కడ సిగ్నలు బాగుందేట్రా?"

"టవరు సొరసేప కడుపులో ఉంది మావా!"

మగోల్లు తొడలు కొట్టుకుని నవ్వుతన్నారు. మేడమ్ కి తెలుగు రాదు. అందరూ సరదాగా ఉన్నారనుకుని తనూ నవ్వినాది, ఇంకా గట్టిగా సదివినాది. నా మొగుడి పేరొచ్చినాది. నా మొగుడికి నత్తి. ఊరిపెద్ద లేసి, నోటికి సెయ్యి అడ్డం పెట్టుకుని, అచ్చం ఆ గొంతుతో, "అ... అ... అరుగే కావాల మేడమ్" అన్నాడు. మా గోడవార వరసలో కూడా ఇద్దరు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చినాది. దవడలు బిగబట్టుకున్నాను. ఆపుకున్నది నవ్వో ఏడుపో ఇప్పుడు సెప్పలేను.

తొమ్మిది పేర్లూ అయినాక ఊరిపెద్ద ఒడియాలో సెప్పినాడు. "మేడమ్, మీరు పిలిసిన ఆ తొమ్మిదిమందీ సచ్చిపోనారు. సచ్చిపోనోల్ల పేరు మీద ఓటేస్తే మీ ఆఫీసులో దాన్నేటంటారు?"

మేడమ్ మొకంలో నవ్వు పోనాది. ఫోను కిందకీ మీదకీ తోసి సూసినాది. తొమ్మిదీ ఒకే ఫోన్లోంచి వచ్చినాయని కూడా అందులో ఉంది. ఆ తొమ్మిది ఉంచితే అరుగు రెండు ఓట్లతో నెగ్గినట్టు. తీసేస్తే మండపం ఏడు ఓట్లతో నెగ్గినట్టు. మైకులోనే సెప్పినాది ఆ లెక్క.

నాను లేసినాను. "మేడమ్, మేం బతికే ఉన్నాం. ఫోటోలు సూడండి. ఆ మొకాలు మావి, ఆ నెంబర్లు మావి. పేరొక్కటే ఇంటిది."

"పేరు తప్పైతే సిస్టం ఒప్పుకోదు మావుసీ."

"అయితే పేరు మార్సి మల్లీ ఎయ్యనివ్వండి."

"ఒకసారి ఏసిన నెంబరుతో మల్లీ ఎయ్యనివ్వదు. నా సేతిలో నేదు."

"మీ సేతిలోనే కదా ఉంది ఫోను" అన్నాను. ఎవులో నవ్వినారు. మేడమ్ నవ్వలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం నేదు. దానికి తెలిసిందల్లా ఆ ఫోనే.

ఊరిపెద్దకి ఓటు నెగ్గితే సాలలేదు. కొలాయి కాడ మాట ఆడికి ఇంకా కడుపులో ఉంది. దొంగ పేర్లు ఎక్కించినది ఎవులో తేలాలన్నాడు, నేకపోతే పోలీసుకి ఎల్తానన్నాడు. మేడమ్ కి కూడా కాయితం మీద ఎవులో ఒకలి పేరు రాసుకోవాల. మైకు బొమ్మ నొక్కి సెప్పిన మాటలు యాప్ లో అలగే దాసి ఉంటాయంట. తన ఫోను మైకుకాడ పెట్టి ఇనిపించినాది. బడి కప్పెగిరిపోయేలా మా అప్ప గొంతు. నా మొగుడి పేరు. తరవాత ఇంకోడి పేరు. తరవాత ఇంకోడిది. ఎనక యాసికాలు కూడా పడ్డాయి, సెవుడంట, పక్కూరిదంట. ఆ పక్కూరి దాని మాట ఇని ఒకర్తి మొకం కప్పేసుకుంది.

ఊరిపెద్ద నా పక్కకొచ్చి గొంతుక్కూకున్నాడు. మెల్లగా తెలుగులో, మేడమ్ కి తెలీకుండా అడిగినాడు. "ఫోను నీది, గొంతు దానిది. ఎక్కించమన్నది నువ్వా, అదా? ఒకలి పేరే సెప్పు. మండపం ఎనక గోడకీ సరుగుడు సెట్లకీ మజ్జన పీలికంత జాగా మిగుల్తాది. ఒకలికి సరిపోద్ది."

నాను ఎంతసేపు ఆలోసించినానని అడుగుతారేమో. ఆలోసించలేదు.

"అదే ఎక్కించమన్నాది" అన్నాను.

మా అప్ప నా దిక్కు తిరిగినాది. "ఏటే?" అన్నాది.

"గొంతు నీదే కదా" అన్నాను.

ఊరిపెద్ద దాన్ని ఏలెట్టి సూపించి మేడమ్ కి ఒడియాలో సెప్పేసినాడు. మేడమ్ రాసుకోడానికి దాని ఆధారు నెంబరు అడిగినాది. దానికి అంకెలు రావు. దాని కార్డు ఫోటో నా ఫోన్లో ఉంది. నానే సెప్పినాను, ఒక్కో అంకే ఆగి ఆగి, తప్పు పడకుండా. మిగతా ఏడుగురూ అక్కడే ఉన్నారు. ఎవులు అన్నారో, ఎవులి నోటికాడ ఎవులు ఫోను పెట్టినారో ఆల్లకి తెల్సు. ఒక్కర్తీ గొంతెత్తలేదు. ఆల్లననడానికి నాకు నోరు నేదు.

అప్పుడు ఊరిపెద్ద పెద్దమనిసైపోనాడు. "పోలీసు ఒద్దులెండి మేడమ్, ముసిల్ది. మేం సూసుకుంటాం" అన్నాడు. మేడమ్ దండం పెట్టినాది. ఎంత మంచోల్లు మీ పెద్దలు అని నాతో అన్నాది కూడా.

సూసుకున్నారు. ఏడాది పాటు మా అప్పతో ఎవులూ మాటాడకూడదు. పడవలోల్లు దానికి సేపలమ్మకూడదు. బరంపురం ఆటోలో ఎక్కించుకోకూడదు. అది కొలాయి కాడికొస్తే మిగతావోల్లు బిందెలు తీసి పక్కకి జరగాల. నానూ జరిగీదాన్ని. అందరికన్నా ముందు నానే జరిగీదాన్ని, ఎవులైనా సూస్తన్నారేమోనని.

ఇసక జాగాలోకి జేసీబీ దిగినాది. మా తాటాకు పందిరి ఒక్క తోపులో పోనాది. ఉప్పు గోలెం నాను ముందే తీసుకొచ్చీసినాను. అది ఇద్దరిదీ. దాని ఇంటి ముందునించి మోసుకెల్తంటే మా అప్ప గుమ్మంలో కూకుని సూసినాది.

పునాదులు పడ్డాక మేడమ్ మల్లీ వచ్చినాది, ఈసారి కెమెరాతో. పల్లెల్లో ఆడోల్లు ఫోను పట్టుకుని ఊరి పనులు తేలుస్తన్నారని పై ఆఫీసుకి సూపించాలంట. ఊర్లో టచ్ ఫోనుతో ఓటేసిన ముండ నానే మరి. తీసేసిన ఓటైనా ఏసినట్టే కదా. నన్ను మండపం రాల్ల ముందు నిలబెట్టి, "యాప్ వచ్చినాక మా మాట కూడా ఇంటన్నారు" అని సెప్పమన్నాది. సెప్పినాను. మొదటిసారి మొకంలో నవ్వు నేదని రెండోసారి సెప్పించినాది. రెండోసారి నవ్వినాను. ఎల్తా ఎల్తా, "ఆ ముసలి మావుసీ ఎలగుంది?" అని అడిగినాది.

"బాగుంది" అన్నాను.

ఊరిపెద్ద మాట తప్పలేదు. మండపం ఎనక పీలిక నాకే ఇచ్చినాడు. గోడ గాలిని ఆపేస్తాది. ఒంటిగంట దాటితే నీడొచ్చేస్తాది. పెల్లిల్లప్పుడు వంటశాల కుడితి నీల్లు ఇటే వదుల్తారు. మునపట్లా మర్నాటికి ఎండవు, మూడు నాల్లు పడతాది. అయినా ఎండుతాయి. మిగతా ఏడుగురిలో నలుగురు ఎండబెట్టడం మానీసినారు. ముగ్గురు రోడ్డు మీదే పరుస్తన్నారు, లారీ వచ్చినప్పుడల్లా లాక్కుంటా.

ఒకనాడు పొద్దుట మా అప్ప వచ్చినాది. సంకలో సాప, సేతిలో సగం గంప. పడవలోల్లు అమ్మరు కదా, వలలు దులిపినప్పుడు ఇసకలో రాలిన సిల్లర సేపలు కుక్కలతో పాటు ఏరుకునీది. కడిగి తెచ్చినాది. మనిసి సగమైపోనాది.

"సగం అడగడం నేదే. ఈ సాపంత. ఆ కొసని" అన్నాది.

నాను పలకలేదు.

"పలకొద్దులే. పలకొద్దన్నారు కదా. పలక్కుండానే జరుగు."

నాను జరగలేదు. అది కొసకెల్లి సాప పరిసి, ఒంగుని ఒక్కో సేపా పెట్టినాది, తలలన్నీ ఒకవైపుకి, నీటుగా. మొదట్నించీ దాని పనలగే ఉండీది. మండపం గోడమీంచి ఊరిపెద్ద కోడలు పల్లుతోముకుంటా మమ్మల్ని సూస్తన్నాది. ఆ పిల్ల ఏటీ అనలేదు. అనాల్సిన పని నేదు.

నాను ఎల్లి సాప కొస పట్టుకుని ఎగరేసినాను. సేపలన్నీ ఇసకలో పడ్డాయి. తడి సేపకి ఇసక పడితే ఇంక ఎవులూ కొనరు. తెలిసే ఎగరేసినాను.

మా అప్ప తిట్టలేదు. సతికిలబడి ఒక్కో సేపా తీసి, ఊది, గంపలో ఏసుకున్నాది. ఊదితే పోయే ఇసక కాదని దానికీ తెల్సు. అన్నీ ఏరేదాకా నాను అక్కడే నిలబడ్డాను. లేసి నడుం పట్టుకుని, పీలిక ఈ కొసనించి ఆ కొసదాకా సూసినాది.

"నీకిది సరిపోతందేటే?" అని అడిగినాది. ఎక్కిరింపుగా కాదు. పక్కింటోలు అడిగినట్టే అడిగినాది.

ఆ వారంలోనే రామయ్యపట్నంలో దాని తమ్ముడింటికి ఎల్లిపోనాది. అక్కడ మరదలు దాన్ని ఎలగ సూస్తందో నాకు తెలీదు. ఆ దిక్కునుంచి వచ్చినోల్లని నాను అడగలేదు.

ఏడాది దాటి శానా నాల్లైనాది. శిచ్చ తీరిపోనాది, ఇప్పుడది ఊర్లోకి రావొచ్చు. ఊరిపెద్ద కూడా, "పోనీ ముసిల్దాన్ని పిలుసుకో మరదలా, నీ మనిసే కదా" అన్నాడు. పిలవాల్సింది నానే. ఫోన్లో దాని నెంబరుంది. కానీ వస్తే దానికి సోటు కావాల. ఊర్లో ఇంకెక్కడా నేదు, నా పీలికలోనే ఇవ్వాల. ఆ కొసని, అది సాప పరిసిన కాడ, పొద్దుట ఎండ ముందుగా అక్కడే పడతాది. అక్కడిప్పుడు నా నెత్తల్లు ఎండుతన్నాయి.

నాను పిలవలేదు.